నలభై ఒకటో నంబరుతో మూడు రోజులు

అమెరికా వెళ్ళొచ్చాననగానే మా నర్సాపురంలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, జలపాతం చూశారా అని. చూడలేదు. మరి మూడు నెలలు ఏం చేశారు అని రెండో ప్రశ్న. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. మా చెల్లెలి కూతురు ఒక హాకీ జట్టు ఎంపికకి వెళుతుంటే తోడు వెళ్ళాను. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు, మధ్యలో మూడు రోజులు. జలపాతం చూసి ఉంటే ఇంతగా గుర్తుండేది కాదేమో.

నా గురించి ఒక ముక్క చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ, ఖోఖో, హాకీ నేర్పాను. మా హాకీ ఎర్రకంకర మీద, మోకాళ్ళు చెక్కుకుపోతూ ఆడే హాకీ. జోన్ జట్టుకి పిల్లల్ని ఎంచే కమిటీలో చాలా ఏళ్ళు కూర్చున్నాను కూడా. అందుకని ఎంపిక అనే మాట ఎక్కడ వినబడినా నా చెవులు అటే తిరుగుతాయి.

నోవై, శుక్రవారం పొద్దున

నోవై డెట్రాయిట్ పక్కనున్న ఊరు. కార్ల కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు ఎక్కువ. మా మరిది దయాకర్ వాళ్ళలో ఒకడు. మా చెల్లెలు కరుణ ఆసుపత్రిలో నర్సు. ఒక్కతే పిల్ల, హెప్సిబా. ఇంట్లో హెప్సీ అంటారు. పదమూడేళ్ళు. అక్కడి హాకీ గడ్డకట్టించిన మంచు మీద ఆడేది. ఆరో ఏట ఎవరో స్నేహితురాలి పుట్టినరోజుకని ఆ మంచు మీదికి వెళ్ళింది, ఇక దిగలేదు.

అక్కడ పిల్లల జట్లలో చాలా అంతస్తులున్నాయి. ఊళ్ళో సరదాగా ఆడుకునేవి కింద. ఊళ్ళు తిరిగి పోటీ పడేవాటిని ట్రావెల్ టీములంటారు. వాటిలో అన్నిటికంటే పైదానికి రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. మా హెప్సీ వెళుతున్నది దానికే. అరవైమందికి పైగా వస్తారట, పదిహేడు చోట్లు. ఈ పిల్ల రెండేళ్ళు ఆ జట్టు ఆటలన్నీ చూసి, ఈ ఏడాది తానూ వెళతానంది.

చిక్కంతా ఆదివారాలతో వచ్చింది. ఆ జట్టులో చేరితే సెప్టెంబరు నుంచి మార్చి దాకా దాదాపు ప్రతి శని, ఆదివారం ఏదో ఒక ఊళ్ళో ఆట ఉంటుంది. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. నోవైలో మా వాళ్ళ తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చిని అద్దెకు తీసుకుని ఆదివారం నాలుగింటికి ఆరాధన జరుపుకుంటుంది. పాటలు నడిపించేది దయాకరే. పదకొండేళ్ళలో ఒక్క ఆదివారం మానలేదని సంఘంలో పేరు. హెప్సీ పుట్టినరోజు మానేస్తాడేమో గానీ ఆరాధన మానడు.

“ఆయన వద్దనరు అక్కా,” అంది కరుణ వంటింట్లో, నాకు చలికోటు తొడుగుతూ. దానికి ఆ శని, ఆదివారాలు డ్యూటీ పడింది. అందుకే దాని బదులు నేను. “అలాగని అవునని కూడా అనరు. సెలెక్టయితే చూద్దాం అంటారు. వాళ్ళ డాడీకి ఇది ఇష్టమో కాదో తెలీక పిల్ల నలిగిపోతోంది.”

బయల్దేరేముందు కారు దగ్గర నిలబడి దయాకర్ ప్రార్థన చేశాడు. మామూలుగా మా మరిది మాట నర్సాపురం మాటే. కళ్ళు మూసుకున్నాడంటే మాత్రం భాష మారిపోతుంది.

“పరిశుద్ధుడవైన మా తండ్రీ, ఈ ఉదయకాలమున నీ సన్నిధికి వచ్చియున్నాము. ఈ ప్రయాణమంతటిలో మాకు తోడైయుండుము. నీ చిత్తమైతే నీ బిడ్డ హెప్సిబాకు ఆ జట్టులో స్థానము దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.”

నేనూ ఆమేన్ అన్నాను. హెప్సీ పెదవులు మాత్రం కదల్లేదు. నేను కళ్ళు ముందే తెరిచాను కాబట్టి చూశాను. డ్రిల్లు టీచరుకి పూర్తిగా కళ్ళు మూసుకోవడం చేతకాదు.

చేపల కొట్టు

దారి ఉత్తరానికి నిటారుగా పోతుంది. రెండు గంటలు పొలాలు, తరవాత పైన్ చెట్లు, అంతే. ఎక్కడా హారన్ వినబడదు. మధ్యలో ప్రభుత్వం వాళ్ళ విశ్రాంతి స్థలం ఒకటుంది. అందులో మరుగుదొడ్డి మా స్కూల్లో స్టాఫు రూము కంటే శుభ్రంగా ఉంది. డబ్బులు అడిగేవాళ్ళు కూడా లేరు. నేను చేతిలో పట్టుకున్న డాలరు కాగితం ఎవరికివ్వాలో తెలియక మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

ఉత్తరానికి వెళ్ళేకొద్దీ రోడ్డు పక్కన మురికి మంచు కుప్పలు కనిపించసాగాయి. ఏప్రిల్ నెలాఖరు. అదే రోజున మా ఊళ్ళో రోడ్డు మీద తారు కరుగుతూ ఉంటుంది.

ఒకచోట చెక్కతో కట్టిన చిన్న కొట్టు, దాని పొగగొట్టంలోంచి పొగ. నేను అద్దం దించాను. దించగానే ముక్కుకి తెలిసింది.

“దయాకర్, ఆపు. చేప.”

“అది స్మోక్డ్ ఫిష్ వదినా, మీకు పడదు.”

“నర్సాపురం దానికి చేప పడదని చెప్పే మొగాడివి నువ్వే.”

కొట్టు యజమాని డెబ్బై దాటిన మనిషి, ఎర్ర గళ్ళ చొక్కా, చేతులు చాట్లంత. సరస్సులో పట్టిన తెల్ల చేపని ఉప్పునీళ్ళలో నానబెట్టి, చెక్కపొగలో రోజంతా ఉంచుతాడట. పౌను ఎనిమిది డాలర్లు. ఉప్పుబిస్కట్టు మీద ఒక ముక్క పెట్టి ఊరికే ఇచ్చాడు. మన ఎండుచేపకి దూరపు చుట్టమే, కాకపోతే మెత్తన. కారం ఉంటే బాగుండేదన్నాను. ఆయన లోపలికెళ్ళి ఏదో ఎర్రసీసా తెచ్చి రెండు చుక్కలు వేశాడు. అది పుల్లగా ఉంది, కారం కాదు. ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని బాగుందన్నాను.

కారు వెనక అద్దంలోంచి ఆయనకి హాకీ సంచి కనిపించింది. ఎక్కడికని అడిగి, హెప్సీ చెబితే తల ఊపాడు. “మా మనవరాలు కూడా నాలుగేళ్ళ కిందట వెళ్ళింది,” అన్నాడు. ఏమైందని హెప్సీ అడిగింది. “ఇప్పుడు చాలా బాగా వయొలిన్ వాయిస్తుంది,” అన్నాడాయన.

హెప్సీ నవ్వాలో మానాలో తెలియక నా వైపు చూసింది. నేను రెండు పౌన్ల చేప కట్టించుకున్నాను. ఆ వాసన మిగిలిన మూడు రోజులూ కారుని వదల్లేదు, కరుణ ఇప్పటికీ ఫోన్లో తిడుతూనే ఉంది.

రింకు

మంచు మైదానాన్ని రింకు అంటారు. బయటికి పెద్ద గోడౌనులా ఉంటుంది. లోపల బయటికంటే చలి. తల్లిదండ్రులు కోట్లూ దుప్పట్లూ వేసుకుని మెట్ల మీద కూర్చుంటారు. వేడి చాక్లెట్ పాలు రెండు డాలర్లు. నేను మూడు రోజుల్లో తొమ్మిది కప్పులు తాగాను, అది తాగడానికి కాదు, చేతులు కాచుకోవడానికి.

పిల్లలు తయారవడం చూడాలి. మోకాళ్ళకీ, మోచేతులకీ, భుజాలకీ, మెడకీ అన్నిటికీ కవచాలు, పైన హెల్మెట్టు, దానికి ఇనప వల. మా హెప్సీ సన్నగా కొరడాలా ఉంటుంది. అవన్నీ తొడుక్కుని గదిలోంచి బయటికొస్తే గుర్తుపట్టలేకపోయాను. చొక్కా మీద పేరు లేదు. ఎవరికీ లేదు. ఒక బల్ల దగ్గర కూర్చున్నావిడ వచ్చిన పిల్లకల్లా నంబరు వేసిన పల్చటి బనీను ఇస్తుంది. మా దానికి నలభై ఒకటి. ఆ మూడు రోజులూ అదే దాని పేరు.

ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. మా కమిటీ గదిలో పిల్ల ఆట కంటే ముందు పిల్ల ఎవరి తాలూకు అనేది వచ్చేది. ప్రెసిడెంటుగారి మేనకోడలు, ఫలానా మాస్టారి అమ్మాయి. ఇక్కడ పై మెట్టు మీద నలుగురు కోచ్‌లు అట్టలు పట్టుకుని కూర్చుని నంబర్లు రాసుకుంటున్నారు. వాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, మాట్లాడకూడదు. పక్కన కూర్చున్నావిడతో అన్నాను, ఎంత న్యాయంగా ఉంది అని.

ఆవిడ పేరు క్రిస్టీ. పదిహేడో నంబరు పిల్ల తల్లి, మూడో ఏడాది వస్తోంది. నా మాటకి చుట్టూ చూసి, చెవి దగ్గరికి వంగి, “పదిహేడు చోట్లలో పది ముందే అయిపోయాయి. పోయినేటి పిల్లలే,” అంది.

అప్పుడు నాకు కాస్త ఇంటికొచ్చినట్టనిపించింది.

దయాకర్ మా పక్కన కూర్చోలేదు. కింద మంచు చుట్టూ ఉన్న అద్దం గోడ దగ్గర నిలబడ్డాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని. ఎవరైనా పలకరిస్తే “ఐయామ్ జస్ట్ ది డ్రైవర్” అని నవ్వుతున్నాడు.

మంచు మీద నలభై ఒకటిని చూశాను. నా కళ్ళతో కాదు, కమిటీ కళ్ళతో చూశాను. అది నా జబ్బు. హెప్సీ ఆట చదువుతుంది. బంతి బదులు వాడే నల్లటి రబ్బరు బిళ్ళ ఎక్కడికి రాబోతోందో దానికి ముందే తెలుసు. భయం లేదు. కాకపోతే ఎడమ వైపు తిరిగేటప్పుడు అర క్షణం ఆలస్యం. మామూలు జట్టులో అది ఎవరికీ కనిపించదు. ఇక్కడ పై మెట్టు మీద నలుగురున్నారు.

శనివారం, తలుపు మీద కాగితం

శనివారం పొద్దున రెండో విడత. మధ్యాహ్నం రింకు తలుపు మీద ఒక కాగితం అంటించారు. ఆదివారం మళ్ళీ రావలసినవాళ్ళ నంబర్లు. ముప్ఫై. కాగితం చుట్టూ మూగిన పిల్లలూ, తల్లులూ, ఎవరూ అరవలేదు. చూసుకున్నవాళ్ళు చూసుకుని పక్కకి తప్పుకుంటున్నారు. నలభై ఒకటి ఉంది. పదిహేడు కూడా ఉంది. క్రిస్టీ నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది.

మా రోజుల్లో నేను గ్రౌండులో నిలబడి పేర్లు పైకి చదివేదాన్ని. పదహారు పేర్లు. చదివాక కాగితం మడిచి జేబులో పెట్టుకునేదాన్ని. ఒకసారి అందరూ వెళ్ళిపోయాక సత్యవతి అని ఒక పిల్ల అక్కడే నిలబడింది. ఏమ్మా అంటే, “టీచర్‌గారూ, ఇంకో కాగితం ఉందాండీ?” అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆ పిల్లని తప్పించమని పైనుంచి మాట వచ్చింది, నేను తల ఊపాను. ఈ సంగతి ఇన్నేళ్ళలో నేనెక్కడా చెప్పలేదు. ఆ తలుపు ముందు నిలబడితే సిగ్గేసింది, అందుకే రాస్తున్నాను.

సాయంత్రం రోడ్డు పక్క హోటల్లో తిన్నాం. వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు, ఆఖర్న పుల్లటి చెర్రీ పళ్ళని పిండి గుల్లలో పెట్టి కాల్చిన తీపి, దాన్ని పై అంటారు. ఆ ప్రాంతమంతా చెర్రీ తోటలట. భోజనం రాగానే దయాకర్ తల వంచి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆహారం కోసం స్తుతులు చెప్పాడు. తరవాత, “నీ చిత్తమైతే రేపటి దినమున…”

“డాడీ.”

మేమిద్దరం తలెత్తాం. హెప్సీ ఫోర్కుతో బంగాళాదుంపని పొడుస్తోంది.

“గ్రీన్ కార్డ్‌కి నువ్వు అలా అనలేదు.”

“ఎలా అనలేదమ్మా?”

“నీ చిత్తమైతే. గ్రీన్ కార్డ్ ప్రేయర్ నాకు గుర్తుంది. ఎవ్రీ నైట్ చేశాం కదా. నువ్వు ‘ప్రభువా, దయచేయుము’ అన్నావ్. జస్ట్ దట్. ఇల్లు కొన్నప్పుడు కూడా. మమ్మీ సర్జరీకి కూడా. నా హాకీకి ఓన్లీ నీ చిత్తమైతే.” గొంతు పెంచలేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. “యు సే ఇట్ వెన్ యు డోంట్ వాంట్ ఇట్.”

దయాకర్ నీళ్ళ గ్లాసు పక్కకి జరిపాడు. “అలా కాదు తల్లీ, దేవుడి చిత్తం అనేది…” అని ఆగిపోయాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే బాగుండదని చెర్రీ పై తిన్నాను. నిజం చెప్పాలంటే ఆ పిల్ల పట్టుకున్నది నేను కూడా ఎన్నడూ పట్టుకోలేదు. మా ఇళ్ళల్లో అందరం అదే చేస్తాం. ఇష్టంలేని సంబంధం వస్తే మా అమ్మ కూడా నీ చిత్తమైతే అనే ప్రార్థించేది.

తినేసి, బిల్లు కట్టి మోటెలుకి వచ్చేశాం.

హంసాబెన్ మోటెల్

మోటెల్ అంటే ఒంటి వరస గదులు; ప్రతి గది తలుపూ నేరుగా కార్లు నిలిపే చోటులోకి తెరుచుకుంటుంది. ఇది నడిపేది హంసాబెన్ అనే గుజరాతీ ఆవిడ. నా ఈడే. ఎక్కడో మంచులో, పైన్ చెట్ల మధ్య, ఆఫీసు గదిలోంచి అగరొత్తుల వాసన వస్తుంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. గది రోజుకి యాభై తొమ్మిది డాలర్లు, పొద్దున ఊరికే ఇచ్చే రొట్టె, గుడ్డు, కాఫీ అందులోనే. కాఫీ మాట వదిలేయండి.

ఇక్కడ నా వల్ల ఒక పొరపాటు జరిగింది. హాకీ సామాను తడిసిపోతే, ఆరకపోతే, ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పలేను. చేపే నయం. శుక్రవారం సంచి కారులోనే ఉంచారు. శనివారం సామాను ఆరబెట్టాలని గదిలోకి తెచ్చింది హెప్సీ. కవచాలన్నీ స్నానాలగదిలో తగిలించి అది పడుకుంది. స్కేట్లు, అంటే అడుగున ఉక్కు బద్ద ఉండే ఆ బూట్లు, మంచం పక్కనే ఉన్నాయి. మంచం మీద బైబిలు, పక్కనే మా తిండి. నా చేయి దానంతట అదే పనిచేసింది. వాటిని తీసుకెళ్ళి తలుపు బయట, గోడ వారగా, జతగా పెట్టాను. నా చెప్పులు కూడా వాటి పక్కనే.

ఆదివారం ఆరున్నరకి తలుపు తీస్తే పల్చగా మంచు పడి ఉంది. నా చెప్పులు లేవు. స్కేట్లు లేవు.

“పెద్దమ్మా, స్కేట్స్ ఎక్కడ ఉంది?” అంది హెప్సీ వెనకనుంచి.

చెప్పాను. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. తిట్టలేదు, ఏడవలేదు, మంచం మీద కూర్చుండిపోయింది. ఎనిమిదింటికి ఆఖరి విడత. ఆ ఊళ్ళో ఆదివారం పొద్దున తెరిచే దుకాణం లేదు.

పక్క గదిలోంచి దయాకర్ వచ్చాడు. లుంగీ, పైన బనీను. సంగతి విన్నాడు. నేను అనుకున్నాను, ఇదే ఆయనకి కావలసిన చిత్తం, ఇక అందరం కార్లో కూర్చుని హాయిగా నాలుగింటి ఆరాధనకి వెళ్ళిపోతాం అని. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

దయాకర్ కాళ్ళకి ఏమీ లేకుండా మంచులోకి దిగాడు. పక్క గది తలుపు కొట్టాడు. తరవాతి గది. దాని తరవాతి గది. ఇరుగింటి వాళ్ళని నిచ్చెన అడగడానికి కూడా మొహమాటపడి కొత్తది కొనుక్కునే మనిషి ఆయన. అక్కడ దిగినవాళ్ళలో సగంమంది హాకీ కుటుంబాలే. నిద్రమొహాలతో తలుపు తీసిన ప్రతివాళ్ళనీ, చలికి వణుకుతూ, “సారీ, గుడ్ మార్నింగ్, మా అమ్మాయికి స్కేట్స్ కావాలి, సైజ్ ఫైవ్ అండ్ హాఫ్, ప్లీజ్, షి హాజ్ ఎ ట్రైఔట్” అని అడుగుతున్నాడు. తొందరలో సగం తెలుగులో అడుగుతున్నానని కూడా ఆయనకి తెలియలేదు. హెప్సీ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఆరో గది దగ్గరుండగా ఆఫీసు తలుపు తెరుచుకుంది. హంసాబెన్. ఒక చేతిలో స్కేట్లు, రెండో చేతిలో నా చెప్పులు.

మంచు పడుతోందని రాత్రే తీసి లోపల బట్టలారబెట్టే మిషను పక్కన పెట్టిందట. తనకొచ్చిన హిందీ, నాకొచ్చిన హిందీ కలిపితే తేలింది ఇదీ: బయట జతగా పెట్టిన బూట్లు చూడగానే మనవాళ్ళే పెట్టారని తెలిసిపోయింది, మా ఇంట్లోనూ అంతే. నలభై ఏళ్ళయింది ఈ దేశం వచ్చి, చెప్పులు గదిలోకి తేలేదు.

స్కేట్లు వెచ్చగా, పొడిగా ఉన్నాయి. దయాకర్ ఆవిడకి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. మా సంఘంలో అలా ఎవరికీ పెట్టడు.

ఆదివారం, ఆఖరి విడత

రింకు ముందు కారు ఆపాడు. ఇంజను ఆపి, ఎప్పటిలాగే తల వంచాడు. తరవాత వచ్చిన గొంతు ప్రార్థన గొంతు కాదు. నర్సాపురం గొంతు.

“అయ్యా, మా పిల్లకి ఇది కావాలయ్యా. నాక్కూడా కావాలి. ఇచ్చెయ్యి.”

ఆమేన్ కూడా అనలేదు. మరిచిపోయాడో, ఇంకేమైనా అడగబోయాడో. హెప్సీ కాసేపు వాళ్ళ నాన్న వీపు వంక చూసింది. వెనకనుంచి చేయి చాపి ఆయన భుజం మీద ఒక్కసారి తట్టి, సంచి తీసుకుని పరుగెత్తింది.

ఆ రోజు ఆడినట్టు అది ఎప్పుడూ ఆడలేదని దయాకర్ అన్నాడు. ఈసారి అద్దం దగ్గర నిలబడలేదు, క్రిస్టీ పక్కన కూర్చుని, కాళ్ళు నేలకి తన్నుతూ అరిచాడు. ‘డ్రైవర్’ ఇలా అరుస్తాడా అని క్రిస్టీ నవ్వింది. నలభై ఒకటి ఒక గోలు వేసింది, రెండు వేయించింది. ఎడమ వైపు తిరిగినప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టాను. అర క్షణం పావు క్షణమైంది. పూర్తిగా పోలేదు.

నేనే ఆ పై మెట్టు మీద ఉంటే? నిజాయితీగా చెప్పాలి. పదిహేడుమందిని రాసి, పద్ధెనిమిదోదిగా నలభై ఒకటి రాసి, చాలాసేపు కలం పట్టుకుని కూర్చునేదాన్ని.

ఆఖర్న వాళ్ళ పద్ధతి వింతగా ఉంటుంది. పేర్లు చదవరు. పిల్లల్ని నంబరు పిలిచి, బనీను వెనక్కి తీసుకుని, చేతికి ఒక అంటించిన కవరిస్తారు. కారులో కూర్చున్నాకే విప్పాలని నియమం. పదకొండు గంటలకి రింకు బయట ముప్ఫై కార్లు. ఇంజన్లు ఆన్‌లో ఉన్నాయి, అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఒక్క బండీ కదలదు. రెండు వరసల అవతల క్రిస్టీ కారు. అందులో పదిహేడో నంబరు సీట్లోనే ఎగరడం, క్రిస్టీ మొహం చేతుల్లో దాచుకోవడం కనిపించింది.

కారులో

హెప్సీ కవరు చింపింది. ఒకటే కాగితం. చదివింది. తరవాత కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. నాకు సత్యవతి గుర్తొచ్చింది.

“రాలేదు,” అంది. కాగితం మడిచి మళ్ళీ కవర్లో పెట్టింది.

వచ్చే ఏడాది మళ్ళీ రమ్మని, చాలా దగ్గరగా వచ్చిందని రాశారు. అందరికీ అదే రాస్తారో, దీనికే రాశారో తెలియదు. నేను దాని చేయి పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది పిల్లలకి ఈ కబురు చెప్పానో, ఒక్కరి పక్కన కూడా కూర్చోలేదు.

ముందు సీట్లో దయాకర్ ఫోన్ తీశాడు. సంఘంలో పెద్ద జీవరత్నం గారికి చేశాడు. అప్పుడే బయల్దేరితే నాలుగింటి ఆరాధనకి హాయిగా అందుకోవచ్చు.

“అన్నా, ఇవాళ పాటలు మీరు చూసుకోండి. నేను రావట్లేదు… లేదన్నా, రాలేదు, సెలెక్ట్ కాలేదు… అవును, టైమ్ ఉంది. అయినా రాను. పిల్లతో ఇంట్లో ఉంటా.” అవతల ఆయన ఏదో అన్నాడు. దయాకర్ కళ్ళు మూసుకున్నాడు. “అలా అనకండన్నా. ఆ మాట నాకూ తెలుసు. ఇవాళొక్కరోజు అనకండి.”

ఫోన్ పెట్టేశాడు. చేతులు స్టీరింగ్ మీద పెట్టాడు. ప్రార్థన లేకుండా బండి కదపడం ఆయనకి తెలియదు. తల వంచాడు.

“పరిశుద్ధుడవైన మా తండ్రీ…” ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. “తండ్రీ, నీ చిత్తమై…”

కారులో చేప వాసన, తడి సంచి వాసన, ముగ్గురి ఊపిరి. బయట ఒక్కొక్క కారూ కదిలి వెళుతోంది.

“డాడీ,” అంది హెప్సీ. కళ్ళనిండా నీళ్ళు. “ఇంటికి వెళ్ళడానికి కూడానా? జస్ట్ ఆస్క్.”

దయాకర్ వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు, దాచుకోలేదు.

“అయ్యా, మమ్మల్ని ఇంటికి చేర్చు,” అన్నాడు.

ఆమేన్ అని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అన్నది హెప్సీ.